గోండుల పేరు మోసిన మహాఖండం

ఇల్లందు, గోదావరిఖని గనుల్లో బొగ్గు పొరల మధ్య దొరికే పలకరాయిని నెమ్మదిగా చీలిస్తే, అదృష్టం బాగుంటే ఒక ఆకు అచ్చు బయటపడుతుంది. నాలుకలాంటి ఆకారం, నడుమ గట్టి ఈనె, దానికి రెండు పక్కలా వల అల్లినట్టు సన్నటి ఈనెలు. పేరు గ్లాసోప్టెరిస్. గ్రీకులో ‘నాలుక ఫెర్న్’ అని. 1828లో ఆ పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రోన్యార్ దాన్ని ఫెర్న్ అనుకున్నాడు. నిజానికది విత్తనాలు కాసే చెట్టు.

ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు కనిపెట్టింది 1871లో. మరుసటి ఏడు, ఆయనలాగే జియలాజికల్ సర్వేలో పనిచేసే మెడ్లికాట్ ఈ తరహా రాతి పొరలకు గోండు రాజ్యాల పేరు మీద ‘గోండ్వానా’ అని పేరు పెట్టాడు. ఈ వరసలో అన్నిటికన్నా అడుగున ఉన్న పొరల దగ్గరే అసలు చిక్కు వచ్చింది. చంద్రపూర్ ప్రాంతంలో, పెన్‌గంగ ఒడ్డున ఇరాయి అనే ఊళ్లో సున్నపురాతి మీద బారులు తీరిన గాట్లున్నాయి. అవి కదిలే మంచు రాళ్లను ఈడ్చుకుపోతూ గీసినవని 1875లో అదే సర్వేకు చెందిన ఫెడెన్ రాశాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే సీమలో హిమానీనదమా!

అదే ఆకు, అవే మంచు గుర్తులు దక్షిణాఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి. ఇవన్నీ ఒకప్పుడు ఒకే నేల అన్న ఊహతో ఆస్ట్రియా శాస్త్రవేత్త సూయెస్ 1885లో ‘గోండ్వానాలాండ్’ అన్నాడు. గోండ్వానా అంటేనే గోండుల సీమ. దాని చివర మళ్లీ ‘లాండ్’ ఎందుకో! మధ్యలోని నేల సముద్రంలో కుంగిపోయిందని ఆయన నమ్మకం.

నేల కుంగలేదు, ఖండాలే జరిగాయని జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ 1912 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రసంగించాడు. ఖండాలను కలిపి చూస్తే ఆ మంచంతా దక్షిణ ధ్రువం చుట్టూ చేరుతుంది. సరిగ్గా మరుసటి నెలలో, దక్షిణ ధ్రువ యాత్రకు వెళ్లిన స్కాట్ బృందం అంటార్కిటికాలో గ్లాసోప్టెరిస్ రాళ్లు ఏరింది. చలికి, ఆకలికి చచ్చిపోతూ కూడా పదహారు కిలోల ఆ మూటను వాళ్లు పారేయలేదు.

అయినా వెగెనర్ మాట చెల్లలేదు. ఖండాలను నెట్టే బలమేదని అడిగితే ఆయన దగ్గర సరైన జవాబు లేదు; అడిగినవాళ్లను తప్పుపట్టలేం. 1930లో ఆయన గ్రీన్‌లాండ్ మంచులోనే పోయాడు. జవాబు సముద్రం అడుగున దొరికింది. అమెరికా శాస్త్రవేత్త మేరీ థార్ప్ గీసిన పటాల్లో సముద్ర మధ్య పర్వతాలు చీలికతో కనిపించాయి. ఆ చీలికల్లో కొత్త నేల పుడుతోందని 1962లో హెస్ రాశాడు. మరుసటి ఏడు వైన్, మాథ్యూస్ ఆ నేలలో నమోదైన అయస్కాంత చారలతో దానికి రుజువు చూపారు. ఆ దశాబ్దం ముగిసేలోగా, భూమి పైపొర పలకలుగా కదులుతుందనే పలక విరూపక సిద్ధాంతం నిలబడింది.

మన బొగ్గు గోదావరి వెంట బారుగా ఉండటానికీ కారణం భూమి కదలికే. గోండ్వానా కాలంలో ఇక్కడి నేల పగుళ్ల మధ్య కుంగింది. రెండు వైపుల గట్టు నేలలు కోసుకుపోయి, ఆ ఇసుక, ఒండ్రు కిలోమీటర్ల మందాన ఆ పల్లాన్ని పూడ్చాయి. అడవులు ఆ పూడికలో సమాధై బొగ్గయ్యాయి. పగుళ్లు మాత్రం మిగిలాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4న ములుగులో 5.3తో మళ్లీ కదిలితే, ఆ ఊపు హైదరాబాద్ దాకా తెలిసింది.