బ్రేకు కింద పోయే శక్తి: బస్సు దాన్ని పట్టుకోవడం నేర్చుకున్న నూట ముప్పై ఏళ్లు

ప్రయాణికులతో కలిపి 12 టన్నులు తూగే సిటీ బస్సు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. ఆ వేగంలో దానిలో ఉన్న శక్తి, మన కరెంటు మీటరు లెక్కలో, ఒక యూనిట్‌లో ఐదో వంతు. స్టాపు రాగానే డ్రైవరు బ్రేకు తొక్కుతాడు. లైనర్లు డ్రమ్మును ఒరుసుకుని వేడెక్కుతాయి. ఆ వేడి గాల్లో కలిసిపోతుంది. బస్సు మళ్లీ అదే వేగం అందుకోవాలంటే ఇంజిను సుమారు 55 మిల్లీలీటర్ల డీజిల్ తాగాలి. ఒక్కసారికైతే ఇది లెక్కలోకి రాదు. కానీ సిటీ బస్సు స్టాపుల్లోనే ఆగదు. సిగ్నళ్ల దగ్గర ఆగుతుంది, ఆటోల వెనక ఆగుతుంది, అడ్డంగా తిప్పిన కారు ముందు ఆగుతుంది. పొద్దున డిపో నుంచి బయల్దేరిన బండి రాత్రి లోపలికి వచ్చేసరికి వందలసార్లు ఆగి కదులుతుంది. పోసిన డీజిల్‌లో పెద్ద వాటా ఇలా బ్రేకు డ్రమ్ముల్లోనే వేడిగా మారిపోతుంది.

ఈ నష్టాన్ని ఎలా ఆపాలో ఇంజనీర్లకు 1890లలోనే తెలుసు. తేలనిదల్లా ఒకటే: పట్టుకున్న శక్తిని బస్సు మళ్లీ కదిలేదాకా ఎక్కడ దాచాలి? ఆ చోటు కోసం జరిగిన వెతుకులాటే ఈ చరిత్ర.

సూత్రం చాలా మామూలుది. పాత సైకిళ్లకు ఉండే డైనమోను టైరుకు ఆనించగానే లైటు వెలిగేది, తొక్కుడు బరువెక్కేది. కరెంటు పుట్టాలంటే కదలిక ఖర్చవ్వాలి. విద్యుత్ మోటారూ అంతే. కరెంటు ఇస్తే చక్రాన్ని తిప్పుతుంది. చక్రమే దాన్ని తిప్పితే కరెంటు పుట్టించి, ఆ పనిలో బండిని నెమ్మదింపజేస్తుంది. దీన్నే రీజనరేటివ్ బ్రేకింగ్ అంటున్నాం.

రోడ్డు మీద దీన్ని తొలినాళ్లలోనే వాడినవారిలో లూయి ఆంట్వాన్ క్రీగర్ ఒకరు. 1890లలో ఆయన పారిస్‌లో గుర్రపు బగ్గీలను విద్యుత్ బండ్లుగా మార్చాడు. ముందు చక్రాలకు ఒక్కోదానికి ఒక్కో మోటారు పెట్టి, బ్రేకు వేసినప్పుడు కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లేలా ఆ మోటార్లలో అదనపు చుట్లు చుట్టించాడు. ఆలోచనలో లోపం లేదు. ఆనాటి సీసపు బ్యాటరీలే అడ్డొచ్చాయి. అవి బరువైనవి. ఆగే ఆ కొద్ది సెకన్లలో దూసుకొచ్చే కరెంటును మింగడం వాటి వల్ల అయ్యేది కాదు. పెట్రోలు కార్లు రాజ్యమేలడంతో ఈ దారే మూతపడింది.

పట్టాల మీద, తీగల కింద మాత్రం దీనికి చోటు దొరికింది. ఇంగ్లండులో జాన్ రావర్త్ 1903 నుంచి ట్రాములకు ఈ పద్ధతి అందించాడు. దిగుడులో వచ్చే ట్రాము పుట్టించిన కరెంటు పైతీగలోకి వెళ్లి, ఎక్కుడులో ఉన్న మరో ట్రాముకు పనికొచ్చేది. బండిలో ఏమీ దాచుకోనక్కర్లేదు. కాకపోతే ఆ క్షణంలో కరెంటు తీసుకునే ట్రాము ఆ లైన్లో ఉండాలి. డెవన్‌పోర్ట్, బర్మింగ్‌హామ్ వంటి ఊళ్లలో ఈ పద్ధతి నడిచింది. రాటెన్‌స్టాల్‌లో ఘోర ప్రమాదం జరిగాక 1911లో దీనిపై ఆంక్షలు వచ్చాయి. తిరిగి వాడకంలోకి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ కాలానికే మన దేశంలోనూ ఇది అడుగుపెట్టింది. బొంబాయి దగ్గర భోర్ ఘాట్ దిగే గూడ్సు బండ్ల కోసం గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే తెప్పించిన విద్యుత్ ఇంజిన్లు దిగుతూ తీగలోకి కరెంటు పంపేవి.

తీగ లేని బస్సు మాటేమిటి? దీనికి స్విట్జర్లాండ్‌లోని ఓర్లికాన్ కంపెనీ చెప్పిన జవాబు చాలా సాహసోపేతమైనది. బస్సు నేల కింద టన్నున్నర బరువున్న ఉక్కు చక్రాన్ని అడ్డంగా అమర్చి, నిమిషానికి 3,000 చుట్లు తిప్పారు. స్టాపులో బస్సు టాపు మీది మూడు కడ్డీలు స్తంభాన్ని తాకి కరెంటు తీసుకుని ఆ చక్రానికి వేగం పెంచేవి. స్టాపు దాటాక చక్రం తిరుగుడు నుంచే కరెంటు పుట్టి బస్సు నడిచేది. బ్రేకు వేస్తే ఆ శక్తి మళ్లీ చక్రంలోకే చేరేది. ఒకసారి తిప్పితే దాదాపు ఆరు కిలోమీటర్లు పోవచ్చు. ఈ జైరోబస్సులు 1953 నుంచి 1960 దాకా స్విట్జర్లాండ్‌లో ఈవెర్దొన్, గ్రాంసొన్ ఊళ్ల మధ్య తిరిగాయి. బెల్జియంలోని ఘెంట్‌లో, అప్పటి బెల్జియన్ కాంగో రాజధాని లియోపోల్డ్‌విల్‌లో కూడా నడిచాయి. లియోపోల్డ్‌విల్‌కు పన్నెండు బస్సులు వెళ్లాయి. అక్కడ డ్రైవర్లు దగ్గర దారులని మట్టిరోడ్లు పట్టేవారు. వానలకు అవి బురదయ్యేవి. చక్రం బేరింగులు విరిగేవి. కిలోమీటరుకు 3.4 యూనిట్ల ఖర్చు మోయలేమని నిర్వాహకులు చేతులెత్తేశారు. ఇప్పటి 12 మీటర్ల విద్యుత్ బస్సుకు అందులో సగం కూడా అక్కర్లేదు. బ్రేకు శక్తిని పట్టుకోవడం కోసం టన్నున్నర ఇనుమును రోజంతా మోయడమే జైరోబస్సు కొంప ముంచింది.

1973 చమురు సంక్షోభంతో డీజిల్ పొదుపు మళ్లీ అత్యవసరమైంది. ఈసారి నూనె వంతు వచ్చింది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు ఒక పంపును తిప్పుతాయి. ఆ పంపు నూనెను ఉక్కు సిలిండర్లోకి తోసి, అందులోని నైట్రోజన్ వాయువును నొక్కిపెడుతుంది. బస్సు కదిలేటప్పుడు ఆ వాయువు నూనెను వెనక్కి నెట్టి చక్రాలకు ఊపునిస్తుంది. జర్మనీలో మాన్, స్వీడన్‌లో వోల్వో ఈ దారిలో బస్సులు చేసి చూశాయి. ఒక్కసారిగా వచ్చే శక్తిని మింగడంలో దీనికి తిరుగులేదు. కానీ సిలిండర్లు బరువు, పట్టే శక్తి కొంచెం. ఇంతలో 1980లలో డీజిల్ ధర తగ్గింది. అదనపు యంత్రాంగం మీద పెట్టిన డబ్బు తిరిగొచ్చే దారి కనబడక ఆపరేటర్లు వెనక్కి తగ్గారు.

తర్వాతి మలుపు హైబ్రిడ్. జపాన్‌లో హినో కంపెనీ 1991లో డీజిల్ ఇంజినుకు మోటారును జోడించిన బస్సును అమ్మకానికి తెచ్చింది. 1990ల చివర న్యూయార్క్ తొలి హైబ్రిడ్ బస్సులను పరీక్షకు దింపింది. 2004లో సియాటిల్ చుట్టుపక్కల నడిచే కింగ్ కౌంటీ మెట్రో రెండు వందలకు పైగా హైబ్రిడ్ జంటబస్సులను తీసుకుంది. అమెరికా జాతీయ ప్రయోగశాల ఒకటి వాటిని అదే రకం డీజిల్ బస్సుల పక్కన పెట్టి చూస్తే, గ్యాలనుకు 27 శాతం ఎక్కువ దూరం పోతున్నట్టు 2006లో తేలింది. బ్రేకు తక్కువగా పడే హైవేల మీద ఈ తేడా పలచబడుతుంది. వేయని బ్రేకు నుంచి తిరిగొచ్చేదేమీ ఉండదు కదా.

హైబ్రిడ్ల కాలంలోనే మరో రెండు ప్రయోగాలు జరిగాయి. 2006లో షాంఘై 11వ నంబరు రూటులో కెపాసిటర్ బస్సులు దిగాయి. కెపాసిటర్ క్షణాల్లో నిండుతుంది, లక్షలసార్లు నిండినా అలసిపోదు. కానీ అది దాచుకునేది అంతంత మాత్రమే కాబట్టి ఆ బస్సులు స్టాపుల్లో ఆగినప్పుడల్లా చార్జ్ చేసుకుంటూ పోయేవి. రెండోది లండన్ బస్సుల్లో. ఫార్ములా వన్ పందెపు కార్ల కోసం విలియమ్స్ జట్టు తయారుచేసిన కార్బన్ ఫైబర్ చక్రం నిమిషానికి 36,000 చుట్లు తిరిగేది. జైరోబస్సు టన్నున్నర బరువుతో సాధించాలనుకున్నదాన్ని ఇది తేలికతనంతో, వేగంతో సాధించింది. 2014లో జీకేఎన్ కంపెనీ ఆ చక్రాన్ని తయారుచేసే విలియమ్స్ విభాగాన్ని కొని, 500 బస్సులకు అమరుస్తామంది. ఈలోగా పూర్తి విద్యుత్ బస్సులే వచ్చి దాని అవసరాన్ని కరిగించేశాయి.

భారతదేశంలో హైబ్రిడ్ దశ దాదాపు తొంగిచూసి వెళ్లిపోయింది. 2010 ఆటో ఎక్స్‌పోలో అశోక్ లేలాండ్ హైబస్ అనే హైబ్రిడ్ బస్సును చూపించింది. అదే ఏడు ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో టాటా సీఎన్‌జీ హైబ్రిడ్లు తిరిగాయి. 2018లో ముంబై ప్రాంతీయ అభివృద్ధి సంస్థ పాతిక హైబ్రిడ్లు తీసుకుంది. ఆ తర్వాత ఊపంతా విద్యుత్ బస్సులదే. విద్యుత్ వాహనాలకు కేంద్రం ఇచ్చిన ఫేమ్ రాయితీలతో ఆర్టీసీలు టెండర్లు పిలిచాయి. 2019లో తెలంగాణ ఆర్టీసీ శంషాబాద్ విమానాశ్రయం రూట్లలో 40 విద్యుత్ బస్సులు దింపింది. వాటిని తయారుచేసిన ఒలెక్ట్రా హైదరాబాద్ కంపెనీయే. 2022 సెప్టెంబరు బ్రహ్మోత్సవాల వేళ ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ తిరుమల కొండకు విద్యుత్ బస్సులు మొదలుపెట్టింది.

ఈ సాంకేతికతకు తిరుమల ఘాట్‌ను మించిన పరీక్ష దొరకదు. తిరుపతికీ కొండపైకీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 12 టన్నుల బస్సు అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి 23 యూనిట్లు. డీజిల్ బస్సులో దీన్నంతా వదిలించుకోవాలి. అందుకే డ్రైవర్లు న్యూట్రల్ జోలికి పోకుండా, తక్కువ గేరులో, ఇంజిను పట్టు మీద దించుతారు. అయినా మలుపుల్లో లైనర్ల వాసన వస్తూనే ఉంటుంది. విద్యుత్ బస్సులో టైర్ల రాపిడి, గాలి, మోటారు, బ్యాటరీ నష్టాలు పోగా సగం తిరిగొచ్చినా 11 యూనిట్లకు పైమాటే. ఇక్కడ ఒక కిటుకు ఉంది. బ్యాటరీలో ఖాళీ ఉంటేనే కరెంటు లోపలికి పోతుంది. కింద చార్జ్ చేసుకుని కొండ ఎక్కిన బస్సుకు దిగేటప్పుడు ఆ ఖాళీ ఉంటుంది. పైనే నిండా చార్జ్ చేసి దించితే పట్టుకోవాల్సిన శక్తికి చోటుండదు, భారమంతా మళ్లీ లైనర్ల మీదే పడుతుంది. ఘాట్ రూట్లలో చార్జర్లు ఎక్కడ పెట్టాలో తేల్చేది ఈ లెక్కే.

నూట ముప్పై ఏళ్ల ఈ ప్రయాణం ఒక విషయం తేల్చింది. బ్రేకు శక్తిని పట్టడం ఒక్కటే పనిగా పెట్టుకున్న ఏ యంత్రమూ, ఉక్కు చక్రమైనా నూనె సిలిండరైనా, తన ఖర్చును తాను రాబట్టుకోలేకపోయింది. బస్సును నడపడానికే పెట్టిన మోటారు, బ్యాటరీ చేతికొచ్చాక మాత్రం అదే పని దాదాపు ఉచితంగా జరుగుతోంది. బ్యాటరీ గెలిచింది దాచడంలో మేటి అయినందుకు కాదు, అది ఎలాగూ బస్సులో ఉండాల్సిందే కాబట్టి.

ఇక మిగిలింది డ్రైవరు పాదం. విద్యుత్ బస్సులో ముందుచూపుతో యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు పెడల్‌ను మెత్తగా తొక్కితే శక్తిలో ఎక్కువ భాగం బ్యాటరీకి చేరుతుంది. ఆఖరి క్షణంలో గట్టిగా తొక్కితే ఎయిర్ బ్రేకు రంగంలోకి దిగి, పాత డీజిల్ బస్సులాగే అంతా వేడిగా మార్చేస్తుంది. ఒకే బస్సు, ఒకే రూటు అయినా ఇద్దరు డ్రైవర్ల చేతిలో కరెంటు ఖర్చు వేరువేరుగా వచ్చేది ఇందుకే. మన ఆర్టీసీ డిపోల్లో డ్రైవరు డ్రైవరుకీ కేఎంపీఎల్ లెక్క రాసి, లీటరుకు ఎక్కువ కిలోమీటర్లు తీసినవారిని మెచ్చుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. విద్యుత్ బస్సుల్లో చాలావాటికి ఇప్పుడు డ్రైవర్లు అద్దెకిచ్చిన కంపెనీ మనుషులు. వాళ్లకూ ఆ పట్టిక ఉండాలి. అందులో కిలోమీటరుకు ఖర్చైన యూనిట్ల పక్కనే, బ్రేకు నుంచి తిరిగొచ్చిన యూనిట్లనూ రాయాలి. ఆ అంకె బస్సు కంప్యూటర్‌లో ఎలాగూ నమోదవుతుంది. దాన్ని డిపో బోర్డు మీదికి ఎక్కించడానికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు, ఆర్టీసీలు టెండరులో ఒక షరతు చేరిస్తే చాలు.