పంతులు భాష, పిల్లల భాష

మా పాపకి నాలుగేళ్ళు నిండాయి. ఛత్రినాకలో మా ఇంట్లో ఇప్పుడు ఒకటే చర్చ.. బడి. మంచి ఇంగ్లీషు మీడియంలో వేసేద్దామని మా ఆవిడ. రెండు భాషల్లోనూ చెప్పే బడి వెతుకుదామని నేను. తొంభై ఏళ్ళ మా తాత నవ్వి, "మా బడిల గూడ రెండు భాషలుండె బిడ్డా. ఒకటి పంతులుది, ఒకటి మాది" అన్నాడు.

తాత చదివింది ఉర్దూ మీడియం. ఆ మాట పట్టుకుని కాస్త చరిత్ర తిరగేశాను.

నిజాం రాజ్యంలో 1880లలో పారశీకం పోయి ఉర్దూ అధికార భాష అయింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం పాఠాలన్నీ ఉర్దూలో చెప్పింది, ఇంగ్లీషుని తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచింది. పుస్తకాల కోసం అనువాద శాఖనే పెట్టారు. ఒక దేశభాషలో పై చదువులు చెప్పడం ఆ రోజుల్లో సాహసమే, కాదనను. కానీ రాజ్యంలో అందరికన్నా ఎక్కువమంది మాట్లాడేది తెలుగు!

1921లో హైదరాబాదులో కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఆ సంఘంలో ముఖ్యుడైన మాడపాటి హనుమంతరావు 1928లో ఆడపిల్లలకి తెలుగు మీడియం బడి పెట్టారు. ఉస్మానియా గుర్తింపు దొరక్క, చివరికి కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికే అనుబంధంగా నడిపారు. సొంత ఊళ్ళో సొంత భాషలో చదవడానికి పక్క రాష్ట్రం ముద్ర కావలసి వచ్చిందన్నమాట.

1948 పోలీసు చర్య తర్వాత ఉస్మానియా ఇంగ్లీషుకి మారింది. తాత చదువు ఆ మార్పుల్లోనే ఆగిపోయింది. మా నాన్నది తెలుగు మీడియం. నాది ఇంగ్లీషు మీడియం, క్లాసులో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైను. మూడు తరాలు, మూడు మీడియాలు. ప్రతిసారీ బడి ఒక భాషని ఎంచుకుని రెండోదాన్ని గేటు బయట నిలబెట్టింది.

ఇప్పుడు కొంచెం మారింది. తెలంగాణలో 2018 చట్టం పదో తరగతి దాకా తెలుగు నేర్పాలంది. 2022లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం తెచ్చినప్పుడు, ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉన్న పుస్తకాలిచ్చారు. మంచిదే. అయితే స్క్రీన్ మీద రెండు భాషలు పెట్టినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ అందరికీ అర్థమైపోదని మనకి తెలీదా? పుస్తకం రెండు భాషల్లో ఉంటే చాలదు, టీచరు రెండిటినీ వాడాలి.

అందుకే రేపు ఏ బడికెళ్ళినా ఫీజు కంటే ముందు ఒకటి అడుగుదామనుకుంటున్నా. ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నకి మా పాప తెలుగులో కరెక్టుగా జవాబు చెబితే, మీ టీచరు మార్కు వేస్తుందా, ఫైను వేస్తుందా?