చిట్టా ఇప్పుడు, ఆవర్జా తర్వాత

1984 నాటి ఐబీఎం పీసీలో ఒకసారికి ఒక్క ప్రోగ్రామే నడిచేది. లోటస్ 1-2-3లో లెక్కలు వేసుకుంటున్న మనిషికి ఫోను వచ్చి, అవతలివాళ్లు చెప్పే నంబరు రాసుకోవలసి వచ్చిందనుకోండి. చేస్తున్న పని సేవ్ చెయ్యాలి, ఆ ప్రోగ్రాములోంచి బయటికి రావాలి, రాసుకునే ప్రోగ్రాము తెరవాలి, రాశాక దాన్ని మూసి మళ్లీ లెక్కల దగ్గరికి చేరాలి. ఈలోగా అవతలి మనిషి ఫోను పెట్టేసి వెళ్లిపోతాడు. అందుకే అంత ఖరీదైన యంత్రం ముందు కూర్చున్నవాళ్లు కూడా కాగితం ముక్క కోసమే తడుముకునేవాళ్లు.

ఆ ఏడాదే ఫిలిప్ కాన్ నడిపే బోర్లాండ్ కంపెనీ సైడ్‌కిక్ అనే చిన్న ప్రోగ్రామును అమ్మకానికి పెట్టింది. మిషను ఆన్ చేయగానే ఒకసారి నడిపిస్తే చాలు, అది మెమరీలో ఒక మూల నక్కి కూర్చునేది. ఏ పనిలో ఉన్నా సరే, కంట్రోల్, ఆల్ట్ మీటలు కలిపి నొక్కితే తెర మీద ఉన్నదాని పైన చిన్న కిటికీ తెరుచుకునేది. అందులో నోట్‌ప్యాడ్, కాలిక్యులేటర్, క్యాలెండర్ ఉండేవి. నోట్‌ప్యాడ్‌లో రాయడానికి కొత్తగా నేర్చుకోవలసినదీ లేదు. అప్పటికే టైపిస్టులందరి వేళ్లకూ అలవాటైన వర్డ్‌స్టార్ కీలే పనిచేసేవి. రాసి మూస్తే లెక్కల తెర ఎక్కడ వదిలామో అక్కడే కనిపించేది. ఇలా మెమరీలో దాక్కునే ప్రోగ్రాములు ఒకటికి నాలుగు చేరితే కీబోర్డు కోసం వాటిలో అవి కొట్లాడుకుని మొత్తం మిషనే నిలిచిపోయేదన్నదీ నిజమే. అయినా జనం సైడ్‌కిక్‌ను ఎగబడి కొన్నారు.

రాయడం సులువైంది. మరి రాసినది ఎక్కడుందో వెతకడం? సైడ్‌కిక్ నోట్‌ప్యాడ్ ఉత్త కాగితమే. నెల తిరిగేసరికి నంబర్లు, పేర్లు, చెయ్యవలసిన పనులు, మధ్యలో తట్టిన ఆలోచనలు అన్నీ ఒకే కుప్పగా పడి ఉండేవి.

ఈ చిక్కును కంప్యూటర్లు పుట్టకముందే దుకాణదారులు విప్పారు. బేరం జరుగుతున్నప్పుడు ఏ ఖాతా, ఏ పేజీ అని చూసుకోకుండా వచ్చింది వచ్చినట్టు చిట్టాలో రాసేవారు. కొట్టు కట్టేశాక తీరిగ్గా కూర్చుని, ఎవరి పద్దు వారి ఖాతాకు చేరేలా ఆవర్జాకు ఎత్తేవారు. రాయడం ఒక పని, సర్దడం వేరే పని. ఎడిటర్లో సొంత నోట్సు రాసుకునే పద్ధతుల చరిత్రంతా ఈ రెండింటినీ కలపడానికీ విడదీయడానికీ జరిగిన ప్రయత్నాల చరిత్రే.

సర్దడం గురించి ముందుగా గట్టిగా ఆలోచించినవాడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు వెయ్యిమంది ఇంజనీర్ల ముందు ఆయన తన ఎన్ఎల్ఎస్ వ్యవస్థను గంటన్నర పాటు నడిపి చూపించాడు. మౌస్‌ను ప్రపంచం మొదటిసారి చూసిన సభగా దాన్ని అందరూ చెప్పుకుంటారు. ఆ సభలో ఆయన ఎంచుకున్న ఉదాహరణల్లో ఒకటి మాత్రం రాకెట్ల లెక్క కాదు, ఇంటికి వెళుతూ తేవలసిన సరుకుల జాబితా. వరుసగా సరుకులు టైపు చేశాడు, రకాలవారీగా విడదీశాడు, వివరాలు మడిచేసి పై శీర్షికలు మాత్రమే తెర మీద ఉంచాడు. దారిలో ఎక్కడెక్కడ ఆగాలో పటం కూడా చూపించాడు. శీర్షిక కింద వివరాలను దాచడం, తెరవడం అనే ఆ కిటుకే తర్వాత అవుట్‌లైనర్ అనే ప్రోగ్రాముల జాతికి మూలమైంది. 1983లో డేవ్ వైనర్ తెచ్చిన థింక్‌ట్యాంక్ ఆ జాతిలోదే.

లోటస్ కంపెనీ 1988లో విడుదల చేసిన అజెండా ఇంకో అడుగు ముందుకు వేసింది. లోటస్ స్థాపకుడు మిచ్ కేపర్, జెర్రీ కాప్లన్, ఎడ్ బెలోవ్ దాని రూపకర్తల్లో ముఖ్యులు. అజెండాలో ఎవరికి ఎలా తోస్తే అలా ఒక వాక్యం రాసేయవచ్చు. మంగళవారం ఫలానా ఆయనకు ఫోను చెయ్యాలి అని రాస్తే, ఆ మంగళవారం ఏ తేదీయో ప్రోగ్రామే లెక్కకట్టేది. వాక్యంలో ఉన్న పేరునుబట్టి ఆ మనిషి వర్గంలోనూ, ఫోను అన్న మాటనుబట్టి ఫోన్ల వర్గంలోనూ దానికి చోటు చూపించేది. చిట్టాలో పడిన పద్దు తనంతట తానే ఆవర్జా ఎక్కినంత పని. అజెండా వాడినవాళ్లు ఇప్పటికీ దాన్ని కథలుగా చెప్పుకుంటారు.

కథలే మిగిలాయి. డాస్ పోయి విండోస్ వచ్చాక లోటస్ అజెండాను అక్కడికి తీసుకురాలేదు, ఆర్గనైజర్ అనే వేరే సరుకు వైపు మళ్లింది. అజెండా ఫైలును అజెండా తప్ప ఇంకేదీ సరిగ్గా చదవలేదు కాబట్టి, ప్రోగ్రాముతోపాటే వాడుకదారుల నోట్సూ ఒంటరివైపోయాయి. కేపర్‌కు మాత్రం ఆ కల వదల్లేదు. 2002లో సొంత డబ్బుతో ఒక సంస్థ పెట్టి, మంచి పేరున్న ప్రోగ్రామర్లను కూర్చి, చాండ్లర్ పేరుతో అజెండాకు వారసుణ్ని కట్టడం మొదలుపెట్టాడు. పని ఎంత సాగిందంటే, అది ఎందుకు పూర్తి కావడం లేదన్న దాని మీద స్కాట్ రోసెన్‌బర్గ్ అనే పాత్రికేయుడు 2007లో ఒక పుస్తకమే అచ్చువేశాడు. చాండ్లర్ 1.0 చివరికి 2008లో బయటికొచ్చింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ఏళ్లలోనే, ఏ సంస్థా ఏ పెట్టుబడీ లేకుండా, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఒక ఖగోళ శాస్త్రవేత్త తన నోట్సు తాను సర్దుకోవడానికి ఒక పనిముట్టు తయారుచేసుకున్నాడు. ఆయన పేరు కార్స్టెన్ డొమినిక్. కొత్త నక్షత్రాల చుట్టూ తిరిగే ధూళి, అందులోంచి గ్రహాలు పుట్టే తీరు ఆయన పరిశోధన. రాతపనంతా ఈమాక్స్ అనే ఎడిటర్లో చేసేవాడు.

ఈమాక్స్ అప్పటికే పాతది. 1976లో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ మొదలైనవాళ్లు టీకో అనే అంతకన్నా పాత ఎడిటర్ మీద మాక్రోల మూటగా దాన్ని కట్టారు. ఇప్పుడు వాడుకలో ఉన్న గ్నూ ఈమాక్స్‌ను స్టాల్‌మన్ 1985లో జనానికి ఇచ్చాడు. దీనిలో విశేషమేమిటంటే ఎడిటర్లో చాలా భాగం లిస్ప్ భాషలో ఉంటుంది. వాడేవాడు ఆ లిస్ప్‌ను తెరిచి, ఎడిటర్ నడుస్తుండగానే మార్చుకోవచ్చు. ఇల్లు అద్దెకిచ్చి గోడలు పడగొట్టుకోవడానికి గునపం కూడా చేతికిచ్చినట్టు. కాబట్టే ప్రోగ్రామింగ్ వృత్తి కాని ఖగోళ శాస్త్రవేత్త కూడా దాని మీద చెయ్యి వెయ్యగలిగాడు.

ఈమాక్స్‌లో అవుట్‌లైన్ మోడ్ ముందునుంచీ ఉంది. వరుస మొదట్లో నక్షత్రం గుర్తు పెడితే అది శీర్షిక, రెండు పెడితే ఉపశీర్షిక. అయితే శీర్షికల కింది వివరాలు మడవడానికి, విప్పడానికి పదకొండు వేర్వేరు ఆదేశాలు గుర్తుపెట్టుకోవాలి, ఒక్కోదానికి రెండు మూడు మీటలు. డొమినిక్‌కు ఇది మింగుడు పడలేదు. 2003లో ఆయన ఆ పదకొండింటినీ ఒక్క ట్యాబ్ మీటకు కుదించాడు. ఒకసారి నొక్కితే ఉపశీర్షికలు కనిపిస్తాయి, మళ్లీ నొక్కితే మొత్తం విప్పుకుంటుంది, ఇంకోసారి నొక్కితే ముడుచుకుంటుంది. ఒక కొమ్మను మొత్తంగా పైకో కిందికో జరపడం కూడా అంతే తేలిక చేశాడు. దీనికి ఆర్గ్ మోడ్ అని పేరు పెట్టి నలుగురికీ పంచాడు. తర్వాత చెయ్యవలసిన పనుల గుర్తులు, తేదీలు, పట్టికలు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. ఎన్ని ఫైళ్లలో చెల్లాచెదురుగా ఉన్నా, ఈ వారం గడువున్న పనులన్నీ ఏరి ఒకే తెర మీద చూపే ఏర్పాటు కూడా వచ్చింది. 2007లో ఈమాక్స్ 22 విడుదలైనప్పుడు ఆర్గ్ అందులో భాగమైపోయింది.

ఇదంతా సర్దుబాటు వైపు. గబుక్కున రాసుకునే వైపు పని ఇంకొకాయన చేశాడు. జాన్ వీగ్లీ అనే ప్రోగ్రామర్ అంతకు ముందే రిమెంబర్ అనే చిన్న ప్యాకేజీ రాసి ఉన్నాడు. ఏ ఫైల్లో ఉన్నా ఒక మీట నొక్కితే ఖాళీ చీటీ తెరుచుకుంటుంది. మాట రాసి కంట్రోల్-సి రెండుసార్లు నొక్కితే చీటీ భద్రమవుతుంది, మనిషి వెనక్కి తన పనిలో పడతాడు. దాంట్లో తెలివైన సంగతి ఇంకొకటుంది. మాట తట్టినప్పుడు మనిషి ఏ ఫైలు, ఏ ఈమెయిలు చూస్తున్నాడో కూడా ఆ చీటీలో నమోదవుతుంది. ఆరు నెలల తర్వాత ఈ ముక్క ఎందుకు రాసుకున్నాను అని తల గోక్కునే బాధ తప్పుతుంది. చిట్టా పద్ధతి ఈయనకు ఊరికే తట్టలేదేమో! 2003లో మామూలు టెక్స్టు ఫైల్లోనే జమాఖర్చులు రాసుకునే లెడ్జర్ అనే ప్రోగ్రామును మొదలుపెట్టినవాడూ ఈ వీగ్లీయే.

డొమినిక్ రిమెంబర్‌ను ముందు ఆర్గ్‌కు అతికించి వాడుకున్నాడు. 2010లో ఆర్గ్ ఏడో వెర్షన్‌తో దాని స్థానంలో క్యాప్చర్ అనే సొంత ఏర్పాటు తెచ్చాడు. రిమెంబర్‌కు తాను ఎంత రుణపడ్డాడో ఆర్గ్ మాన్యువల్లోనే రాసుకున్నాడు. క్యాప్చర్‌లో అచ్చులు ముందే తయారుగా ఉంటాయి: పని అయితే ఒక అక్షరం, డైరీ అయితే ఒకటి, చదవవలసిన వ్యాసమైతే ఇంకొకటి. అక్షరం నొక్కగానే తేదీ, సమయం, చూస్తున్న చోటికి లింకు వాటంతట అవే పడిపోతాయి, మనిషి రాయవలసింది ఒక్క వాక్యం. అన్నీ ఒక ఫైలు చివరకు చేరతాయి. తర్వాత తీరిక దొరికినప్పుడు రీఫైల్ ఆదేశంతో ఒక్కో పద్దును అసలు చోటికి పంపుతారు. చేరవలసిన శీర్షిక పేరులో నాలుగు అక్షరాలు కొడితే చాలు. దుకాణంలో రాత్రిపూట జరిగే పనే.

ఈ పద్ధతికి గాలి కూడా అనుకూలంగా వీచింది. డేవిడ్ అలెన్ 2001లో రాసిన పని సర్దుబాటు పుస్తకం, తలలో ఉన్నదంతా ముందు ఒక పెట్టెలో పడెయ్యి, తర్వాత వేరు చెయ్యి అని ఆఫీసు జనానికి నూరిపోస్తున్న రోజులవి. 2004లో శాన్‌డియాగోలో ఒక సదస్సులో డానీ ఓబ్రియన్ అనే రచయిత ఇంకో సంగతి బయటపెట్టాడు. చేతినిండా పని చేసే ప్రోగ్రామర్లు ఏ సాఫ్ట్‌వేర్ వాడతారని వాకబు చేస్తే, చాలామంది ఒకే ఒక మామూలు టెక్స్టు ఫైలు వాడుతున్నారట.

ఆర్గ్‌ను ఆకాశానికెత్తే ముందు దాని పాపాలూ చెప్పుకోవాలి. ఈమాక్స్ కీలు వేళ్లకు అలవాటు కావడానికి నెలలు పడుతుంది. నోట్సు రాసే సమయం కన్నా సెట్టింగులు మార్చుకునే సమయమే ఎక్కువగా గడిపేవాళ్లకు ఈ సంఘంలో కొదవలేదు. రాయడం మరీ సులువైపోయాక చిట్టా కొండలా పెరుగుతుంది, ఆవర్జాకు ఎత్తే రాత్రి రానే రాదు. 2020లో జెత్రో క్వాన్ రాసిన ఆర్గ్-రోమ్ ఈ బెడదకు ఒక మందు చూపింది. చీటీలను శీర్షికల కింద సర్దడం మానేసి, ఒకదానికొకటి లింకులతో ముడివెయ్యమంది. దాదాపు 90 వేల చీటీలు అలా ముడివేసుకుని పుస్తకాల మీద పుస్తకాలు రాసిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ దానికి ఆదర్శం. మందు కొందరికి పనిచేసింది. లూమన్‌లా రోజూ చీటీలతో కూర్చునే ఓపిక ఉన్నవాళ్లకు ఏ మందైనా పనిచేస్తుంది.

తెలుగులో రాసుకునేవారికి ఈ చరిత్రలో ఇంకో పాఠం ఉంది. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు, ఏ ఎడిటర్లోనైనా ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. చిన్న డి కొడితే ద, పెద్ద డి కొడితే డ. ఆనాటి ఆ రాత ఈనాటికీ ఏ తెర మీదైనా చదవగలం, ఆ పద్ధతినే తెలుగు టైపింగుకు వాడే లేఖిని వెబ్‌సైటు తర్వాత కొనసాగించింది. అదే కాలంలో డీటీపీ సెంటర్లు సొంత సంకేతాలున్న ఫాంట్లలో కూర్చిన తెలుగు, అను ఫాంట్లతో సహా, ఆ ఫాంటు లేని మిషనులో పిచ్చిగీతలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చాలంటే విడిగా కన్వర్టరు కావాలి. ఈమాక్స్‌కు బహుభాషా శక్తి జపాన్ నుంచి వచ్చింది. అక్కడి ఎలక్ట్రోటెక్నికల్ లాబొరేటరీలో కెనిచి హాందా బృందం తయారుచేసిన మ్యూల్ 1997లో ఈమాక్స్ 20లో కలిసింది. 2020లో వచ్చిన ఈమాక్స్ 27, ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్ వాడే హార్ఫ్‌బజ్ ఇంజనుతోనే అక్షరాలు కూర్చడం మొదలుపెట్టింది. ఒత్తులతో, గుణింతాలతో తెలుగు నోట్సును నేరుగా ఆర్గ్ ఫైల్లో రాసుకోవచ్చు. ఆ ఫైలు మామూలు యూనికోడ్ టెక్స్టే కాబట్టి రేపు ఈమాక్స్ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అజెండా వాడుకదారులకు దక్కనిది ఇదే.

ఈమాక్స్ నేర్చుకునే ఓపిక లేని పాఠకులకు నోట్‌ప్యాడ్‌లోనే ఒక చిన్న చిట్టా దాగి ఉంది. 1985లో మొదటి విండోస్‌తో వచ్చిన ఈ ప్రోగ్రాములో ఎఫ్5 మీట నొక్కితే సమయం, తేదీ పడతాయి. ఇంకా తక్కువమందికి తెలిసిన సంగతి: కొత్త ఫైల్లో మొట్టమొదటి వరుసలో ఒక చుక్క, దాని వెంటే ఎల్, ఓ, జి అని ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కొట్టి సేవ్ చేయండి. ఆపైన ఆ ఫైలు తెరిచిన ప్రతిసారీ చివర్లో ఆ రోజు తేదీ, సమయం వాటంతట అవే చేరతాయి, మీరు కింద రాసుకుంటూ పోవడమే. సర్దడానికి మాత్రం వారానికో సాయంత్రం కేటాయించుకోండి.