గుడ్డపీలికలతో నిలిచిన పత్రిక

1850 జూన్ 15. మార్మన్ మతస్థులు అమెరికా పశ్చిమాన సాల్ట్ లేక్ లోయలో బండ్లు దిగి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. ఆ రోజు అక్కడ ఓ చిన్న పచ్చి ఇటుకల ఇంట్లో, చేత్తో నడిపే అచ్చు యంత్రం మీద, ఎనిమిది పేజీల వారపత్రిక వెలువడింది. పేరు డెజెరెట్ న్యూస్. డెజెరెట్ అంటే మార్మన్ గ్రంథంలో తేనెటీగ. తొలి సంచిక వేసింది రెండువందల పైచిలుకు ప్రతులే.

ఆ యంత్రాన్ని 1847లో బోస్టన్‌లో కొన్నది డబ్ల్యూ. డబ్ల్యూ. ఫెల్ప్స్. మిస్సోరీలోని ఇండిపెండెన్స్‌లో ఆయన నడిపిన అచ్చుకూటాన్ని 1833లో అల్లరిమూక కూల్చేసింది. తొలి సంపాదకుడు విల్లర్డ్ రిచర్డ్స్ చూసింది మరో రకం విధ్వంసం. 1844లో నావూ పట్టణంలో మార్మన్ నాయకత్వాన్ని తప్పుపట్టిన ఎక్స్‌పాజిటర్ పత్రిక యంత్రాన్ని ఆ పట్టణ పాలకులే ధ్వంసం చేయించారు. ఆ గొడవ ముదిరి కార్తేజ్ జైలులో మార్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌ను కాల్చి చంపినప్పుడు అదే గదిలో ఉండి బతికి బయటపడ్డవాడు రిచర్డ్స్. కొత్త పత్రిక ‘సత్యం, స్వేచ్ఛ’ను తన నినాదంగా పెట్టుకుంది. అది చర్చి గొంతే, సందేహం లేదు. అయినా యంత్రాలు పగలడం చూసినవాళ్లు ఎంచుకున్న ఆ రెండు మాటలను నేను తేలిగ్గా తీసిపారేయలేను.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1849 డిసెంబరులో జరిగిన అగ్నిప్రమాదం తొలి సంచికలో తాజా వార్తే. కబురు కొండలు దాటి రావడానికి అంతకాలం పట్టేది. విడి ప్రతి 15 సెంట్లు. కాలిఫోర్నియా బంగారం కోసం ఆ దారిన పోయేవాళ్లు 25 సెంట్లు ఇస్తే ప్రతితోపాటు వాళ్ల పేరు, ఊరు, వచ్చిన రోజు, బయల్దేరిన రోజు అచ్చువేసేవారు. ఎక్కడో తూర్పున ఇంటివాళ్లకు ఆ కాగితం చేరితే, మనిషి అంతవరకు క్షేమంగా వెళ్లాడని తెలిసినట్టే.

వార్తల కన్నా పెద్ద కరువు కాగితానిది. అది మిస్సోరీ నది అవతలి నుంచి ఎద్దుబండ్ల మీద వెయ్యి మైళ్లు రావాలి. మొదలైన కొన్ని నెలలకే వారపత్రిక పక్షపత్రిక అయింది. 1854లో థామస్ హోవర్డ్ అనే ఇంగ్లీషు పనివాడు పాత గుడ్డలు నానబెట్టి, దంచి కాగితం చేశాడు. మందంగా, బూడిదరంగులో ఉండేది. దాని మీదే అచ్చువేశారు. ఆ ఏడాదే రిచర్డ్స్ పోయాడు, ఆల్బర్ట్ కారింగ్టన్ పగ్గాలు పట్టాడు. 1858లో అమెరికా సైన్యం వస్తోందని యంత్రాన్ని దక్షిణాన ఫిల్‌మోర్‌కు తరలించి, కొన్ని నెలలు అక్కడి నుంచే పత్రిక తీశారు.

ఈ చరిత్రలో నా మనసు ఆగేది మాత్రం జార్జ్ గొడ్డార్డ్ దగ్గర. అప్పటిదాకా వ్యాపారంలోనే బతికినవాడు. 1861లో మార్మన్ నాయకుడు బ్రిగమ్ యంగ్ ఆయనకు కాగితం కోసం గుడ్డలు పోగుచేసే పని అప్పగించాడు. ఒక చేతికి బుట్ట, ఇంకో చేతికి ఖాళీ సంచి తగిలించుకుని మొదటిరోజు వీధిలోకి దిగితే సిగ్గుతో చచ్చిపోయినంత పనైందట. అయినా మానలేదు. మూడేళ్లకు పైగా ఊరూరా, గడపగడపా తిరిగాడు. ఆదివారం ప్రార్థనలయ్యాక గుడ్డల గురించి ప్రసంగాలు చేశాడు. లక్ష పౌండ్లకు పైగా గుడ్డలు పోగయ్యాయి. అరిగిన చొక్కాలు, చినిగిన దుప్పట్లు అడిగి తెచ్చినవే అవన్నీ.

1867 నవంబరులో సాయంకాల దినపత్రిక మొదలయ్యింది. 1869లో ఖండం దాటి రైలు వచ్చాక కాగితం కోసం ఎద్దుబండి దారి చూడాల్సిన పని తప్పింది.