అమ్రాబాద్ చిత్రాలు – ఇస్నాద్ బాధ్యత

అమ్రాబాద్ చరిత్ర రాయదలచినవారు మొన్నమొన్నటి వరకు రెండు తలుపులు తట్టవలసి వచ్చేది. ఒకటి, నిజాం ప్రభుత్వ దస్త్రాలను భద్రపరచిన హైదరాబాదులోని రాష్ట్ర ప్రాచీన పత్ర భాండాగారం. రెండవది, లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాచ్య, ఆఫ్రికా విద్యల సంస్థ (సోయాస్). మొదటిదానికి ఫార్సీ, ఉర్దూ రాతలు చదవగల కన్ను కావాలి. రెండవదానికి విమాన ప్రయాణానికి తగిన స్తోమత కావాలి. రెండూ ఉన్నవారు మనలో అరుదు. ఇంటర్నెట్ వచ్చిన తరువాత ఈ సంపదలో కొంత భాగం అరచేతిలోని ఫోను మీదికి దిగివచ్చింది. ఇది నిస్సందేహంగా అనుగ్రహమే. అయితే ఇలా దొరికిన దానిని ఏ నియమంతో స్వీకరించాలన్నది ఆలోచించవలసిన విషయం. ఆ నియమం కోసం మనం దూరం వెళ్లనక్కరలేదు. మన హదీసు పండితులు దానిని ఎన్నడో నిర్ణయించి పెట్టారు.

లండన్ చేరిన నల్లమల

ఆస్ట్రియా దేశానికి చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ (1909–1995) 1939లో రెండవసారి భారతదేశం వచ్చారు. అంతలోనే రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. జర్మన్ పాస్‌పోర్టు ఉన్న కారణంగా బ్రిటిషు ప్రభుత్వం ఆయనను శత్రుదేశస్థుడిగా పరిగణించింది. కాని హైదరాబాదు సంస్థానంలో ఉండి పరిశోధన సాగించుకొనే అవకాశం ఆయనకు లభించింది. 1940లో ఆయన భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ పీఠభూమిపై చెంచుల మధ్య నివసించారు. వారి పెంటలు, విల్లంబులు, తేనె సేకరణ, పెళ్లిళ్లు, చావులు అన్నిటినీ రాసుకున్నారు, ఫోటోలు తీశారు. ఆ కృషి ఫలితమైన చెంచుల గ్రంథం 1943లో లండన్‌లో వెలువడింది. హైదరాబాదు సంస్థానపు ఆదివాసులపై ఆయన రాసిన గ్రంథమాలలో అది మొదటి సంపుటం. తరువాత కొండరెడ్లపై 1945లో, రాజగోండులపై 1948లో మిగిలినవి వచ్చాయి. ఆయన నిజాం ప్రభుత్వానికి ఆదివాసుల వ్యవహారాలలో సలహాదారుగా కూడా పనిచేసి, ఆపైన సోయాస్‌లో ఆచార్యులయ్యారు. ఆయన ఫోటోలు, కాగితాలు ఆ సంస్థకే చేరాయి.

సోయాస్ ఆ ఫోటోలను డిజిటల్ రూపంలోకి మార్చి లోకానికి చూపింది. ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించాలి. లండన్‌లోను, న్యూయార్కులోను ఉన్న విద్యార్థి ఆ చెంచు ముఖాలను ఇంట్లో కూర్చుని చూడగలడు. నల్లమల లోతట్టు పెంటలలోనేమో ఫోను సిగ్నలు అందడమే కష్టం. చిత్రంలో ఉన్నవారి మనుమలకు ఆ చిత్రం చేరలేదు. చిత్రం కింది వివరణ కూడా ఇంగ్లీషులోనే ఉంది. తెలుగు మాత్రమే చదివే అమ్రాబాద్ నివాసికి అది తన ఊరి చరిత్రే అయినా పరాయి గ్రంథంలా కనిపిస్తుంది.

దక్కను సంపద

ఇదే పరిస్థితి దక్కను ముస్లిం వారసత్వానికీ వర్తిస్తుంది. బీజాపూరులో 1570లో తయారైన నుజూముల్ ఉలూమ్ అనే సచిత్ర ఫార్సీ గ్రంథం నేడు ఐర్లండు రాజధాని డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2015లో దక్కను సుల్తానుల కళలపై పెద్ద ప్రదర్శన జరిపింది. 2017 ఫిబ్రవరిలో, హక్కుల చిక్కులు లేని తన సేకరణల చిత్రాలను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. వాటిలో దక్కను చిత్రాలూ ఉన్నాయి.

పుస్తకాల విషయంలో మన తెలుగువారి పాత్ర స్మరణీయం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి అమెరికాలో కంప్యూటర్ శాస్త్రవేత్తగా 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలను కంప్యూటరుకు ఎక్కించే యోజనకు ఆద్యులలో ఒకరు. దాని భారతీయ శాఖ అయిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయపు ముద్రలున్న ఎన్నో ఉర్దూ, తెలుగు పుస్తకాలు వెలుగు చూశాయి. తరువాత ఆ వెబ్‌సైటు మూతపడింది. పుస్తకాల ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్ దాచినందువల్ల శ్రమ వృథా కాలేదు. తెరపై కనిపించినది శాశ్వతమని భ్రమించరాదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఎవరు చెప్పారు? ఎవరి నుండి విన్నారు?

దొరికే సంపద పెరిగిన కొద్దీ, దానితో కలిసి వచ్చే చెత్త కూడా పెరుగుతుంది. ఏ శతాబ్దానిదో తెలియని చిత్రం, ఎవరు రాశారో తెలియని వ్యాసం, మూలం చూపని మాట రోజూ వేల చేతులు మారుతున్నాయి. పూర్వం హదీసువేత్తలు ఇలాంటి చిక్కునే ఎదుర్కొన్నారు. వారు మాట వినగానే స్వీకరించలేదు, వినగానే తోసిపుచ్చనూ లేదు. ఎవరు చెప్పారు, ఆయన ఎవరి నుండి విన్నాడు, ఇద్దరూ ఒకే కాలంలో ఉన్నారా, ఆయన జ్ఞాపకశక్తి ఎటువంటిది అని విచారించారు. ఈ ఉల్లేఖకుల పరంపరే ఇస్నాద్. ఉల్లేఖకుల జీవితాలను పరిశీలించే శాస్త్రమే అస్మాఉర్రిజాల్. ఆ శాస్త్రంలో ప్రామాణికమైన ఇబ్ను హజర్ (మరణం హి.శ. 852) గ్రంథం తహ్జీబుత్ తహ్జీబ్‌ను పన్నెండు సంపుటాలుగా హి.శ. 1325–27లో ముద్రించినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. 1888లో స్థాపితమైన ఆ సంస్థ ప్రచురణల ప్రతిరూపాలను నేడు అరబ్బు దేశాల విద్యార్థులు కూడా తెరపై చదువుతున్నారు. పరిశీలనా శాస్త్రాన్ని లోకానికి అచ్చువేసి పంచిన నగరపు వారసులమైన మనం, ఒక చిత్రాన్ని పరిశీలించకుండా నమ్మడం తగునా?

ఉదాహరణకు భాగమతి కథ చూడండి. హైదరాబాదు స్థాపకుడు ముహమ్మద్ ఖులీ కుతుబ్ షా (పాలన 1580–1612) ప్రేయసిగా ఆమె పేరు జగద్విదితం. ఫరిష్తా ఆ ప్రస్తావన చేశాడు గాని ఆయన రాసినది గోల్కొండలో కాదు, బీజాపూరు ఆస్థానంలో. ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ ఈ కథను చరిత్రగా అంగీకరించలేదు. అంగీకరించినవారూ ఉన్నారు. ఇక భాగమతి చిత్రమని ఏదైనా మన ఫోనుకు వస్తే మొదట అడగవలసినది ఒక్కటే: చిత్రకారుడు ఆ సుల్తానుకు సమకాలికుడా? కాకపోతే అది చిత్రకారుని కాలపు ఊహకు సాక్ష్యం, ఆమె రూపానికి సాక్ష్యం కాదు.

మంచి మ్యూజియం తన వస్తువు పక్కన నమోదు సంఖ్య, కాలం, అది ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వచ్చిందన్న వివరం ఇస్తుంది. అదే ఆ వస్తువు ఇస్నాద్. అది లేని చిత్రాన్ని ఆనందానికి చూడవచ్చు, చరిత్రకు ఆధారం చేయరాదు.

హదీసు పండితులు పరంపరతో ఆగలేదు, మూలపాఠాన్ని కూడా తూచారు. హైమన్‌డార్ఫ్ ఫోటోల పరంపర నిర్దుష్టమే. ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, ఎక్కడ భద్రమైనవి అన్నది తెలుసు. అయినా ఆ వివరణ ఒక్క ఉల్లేఖకునిది, అదీ బయటినుండి వచ్చి కొంతకాలం ఉండి వెళ్లినవానిది. దానికి తోడు సాక్షి అమ్రాబాద్‌లోనే ఉన్నాడు. 1940లో ఐదేళ్ల బాలుడికి ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉంటుంది. ఈ ముఖం ఎవరిది, ఈ పెంట ఎక్కడ ఉండేది అని చెప్పగలవారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే మిగిలి ఉంటారు. చిత్రం లండన్‌లో వందేళ్లు నిలవవచ్చు, సాక్షి నిలవడు.

చేయవలసిన పని

కుతుబ్ షాహీ పాలకులు ఫర్మానాలను ఫార్సీతోపాటు తెలుగులో కూడా రాయించారు. పాలితునికి తన భాషలో మాట చేరాలన్న వివేకం అందులో ఉంది. ఇబ్రాహీం కుతుబ్ షా (పాలన 1550–1580) సేనాని అమీన్ ఖాన్‌కు పొన్నికంటి తెలగన తన అచ్చ తెలుగు కావ్యం యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. అనువాదం, పరస్పర గ్రహణం ఈ నేలకు కొత్త కాదు. ఆ పని నేడు మన వంతు.

మదరసాలో ఫార్సీ, అరబీ నేర్చి కళాశాలలో ఇంగ్లీషు చదివిన యువకులు మన జిల్లాలలో ఉన్నారు. వారు మూడు పనులు చేపట్టవచ్చు. తెరపై ఏది చూసినా దాని మూలస్థానాన్ని, నమోదు సంఖ్యను, చూసిన తేదీని రాసి పెట్టుకోవాలి. ఆ వివరణను తెలుగులోకి తేవాలి. అచ్చు తీసిన చిత్రాలను వెంటబెట్టుకొని మన్ననూరు, అప్పాపూర్ వంటి చోట్లకు వెళ్లి, పెద్దలను మర్యాదగా అడిగి, చెప్పినవారి పేరుతో సహా, వారి అనుమతితో నమోదు చేయాలి. నిజాం కాలపు విడిది శిథిలాలున్న ఫర్హాబాద్ గురించి ముస్లిం కుటుంబాలలోని వృద్ధులు చెప్పేది కూడా ఇలాగే రాయాలి.

ఇందులో మొదటి రెండు పనులకు వ్యవధి ఉంది. మూడవదానికి లేదు. కనుక దానితోనే ప్రారంభించడం వివేకం.