నాదిర్ రికార్డులు: ఫిన్లాండ్‌లో అప్పుడు అమ్ముడుపోని మౌసిఖీ

"నాదిర్" అనే మాట వినగానే మన కళ్లు పెద్దవవుతాయి. నాదిర్ కితాబు, నాదిర్ సిక్కా, నాదిర్ తస్వీర్. వెంటనే ఖీమత్ ఎంత అని అడుగుతాం. ఆ చీజ్ నాదిర్ ఎట్లా అయ్యింది అని మాత్రం అడగం. దానికి రెండే తోవలు. ఒకప్పుడు బోలెడన్ని ఉండి, జమానా గడిచేకొద్దీ పోయి కొన్నే మిగలడం ఒకటి. మొదటి రోజునుంచే తక్కువ ఉండటం రెండోది. తక్కువ ఎందుకున్నాయంటే, ఆ రోజు వాటిని కొన్నవాళ్లు లేరు.

ఇవాళ నేను చెప్పబోయే తారీఖ్ ఈ రెండో తోవది. ఫిన్లాండ్ అనే చిన్న ముల్క్‌లో 1967 నుంచి 1979 దాకా వచ్చిన సైకెడెలిక్, ప్రోగ్రెసివ్ రాక్ రికార్డుల కథ. వాటిలో కొన్నింటికి ఇప్పుడు వందల యూరోలు పెట్టడానికి షౌకీన్లు తయారు. అప్పుడవి దుకాణాల్లో దుమ్ము పట్టాయి.

ముందు ఆ ముల్క్ హాల్ చూద్దాం. 1970లో ఫిన్లాండ్ ఆబాదీ దాదాపు 46 లక్షలు. 1917 దాకా రష్యా జార్ల కింద ఉన్న దేశం. ఆజాదీ రాగానే మరుసటి ఏడాది అంతర్యుద్ధం, ఆ తర్వాత 1939లో సోవియట్ సేనలతో చలికాలపు జంగ్. అవామ్‌కు ఇష్టమైన మౌసిఖీ టాంగో. అర్జెంటీనాలో పుట్టిన టాంగో ఫిన్లాండ్ పల్లెల్లోని డ్యాన్స్ హాళ్లకు చేరి, అక్కడి ఉదాసీని నింపుకుని సొంతమైపోయింది. రేడియో మొత్తం సర్కారీ సంస్థ చేతిలో. ప్రైవేటు స్థానిక రేడియోలు 1985లో గానీ రాలేదు. అంటే గిటార్ పట్టుకున్న నౌజవాన్ల ఆవాజ్ ఇంటింటికీ చేరే దర్వాజా ఒక్కటే, దాని తాళంచెవి వాళ్ల దగ్గర లేదు. పది నిమిషాల పాట రాస్తే దాన్ని వినిపించేదెవరు?

ఈ హాలత్‌లో 1966లో హెల్సింకీలో ముగ్గురు దోస్తులు ఒక కంపెనీ పెట్టారు. పేరు లవ్ రికార్డ్స్. అత్తె బ్లూమ్, జాజ్ స్వరకర్త ఓటో డొన్నెర్, జాజ్ డ్రమ్మర్ క్రిస్టియన్ ష్విండ్ట్. ముగ్గురిలో ఎవరూ తిజారత్‌లో ఆరితేరినవాళ్లు కాదు. పెద్ద కంపెనీలు "ఇది ఎవరు కొంటారు?" అని తిప్పి పంపేవాటికి వీళ్లు జగా ఇచ్చారు. జాజ్, వామపక్ష రాజకీయ గీతాలు, కవుల అల్లరి, రాక్ అన్నీ ఒకే కప్పు కింద.

1967లో వాళ్లు బ్లూస్ సెక్షన్ అనే బృందం రికార్డు వేశారు. గాయకుడు జిమ్ పెంబ్రోక్ లండన్‌వాడు, 1960ల మధ్యలో ఫిన్లాండ్ వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఆ బృందం ఎక్కువ రోజులు నిలవలేదు గానీ, దాని డ్రమ్మర్ రోనీ ఓస్టర్‌బెరి 1968లో విగ్వామ్‌ను మొదలుపెట్టాడు. పెంబ్రోక్ అందులోనూ చేరాడు. చర్చి ఆర్గన్ ధ్వనిని రాక్‌లోకి తెచ్చిన యుక్కా గుస్తావ్సన్ కలిశాడు. సిబేలియస్ అకాడమీలో వయొలిన్, పియానో నేర్చుకున్న పెక్కా పొహ్యోలా కొంత కాలానికి బేస్ గిటార్ పట్టాడు. 1970లో వచ్చిన వాళ్ల "టూంబ్‌స్టోన్ వాలెంటైన్" ఆల్బమ్‌ను అమెరికన్ కిమ్ ఫౌలీ నిర్మించాడు. ఒక రాక్ రికార్డులో ఎర్కి కురెన్నియెమి తయారుచేసిన ఎలక్ట్రానిక్ ముక్క కూడా పెట్టారు. కురెన్నియెమి హెల్సింకీ యూనివర్సిటీలో సొంత చేతులతో ఎలక్ట్రానిక్ సాజ్‌లు కట్టినవాడు. 1974 నాటి "బీయింగ్" వాళ్ల హునర్‌కు శిఖరం అంటారు చాలామంది. ఆ వెంటనే గుస్తావ్సన్, పొహ్యోలా ఇద్దరూ బయటికి వెళ్లారు. 1975 నాటి "న్యూక్లియర్ నైట్‌క్లబ్"ను ఇంగ్లాండ్‌లో వర్జిన్ కంపెనీ విడుదల చేసింది. తలుపు తెరుచుకున్నట్టే కనిపించింది, కానీ ఆ దారి దూరం పోలేదు.

విగ్వామ్‌కు జోడీగా మరో బృందం ఉండేది, తసవల్లన్ ప్రెసిదెంత్తి. ఆ మాటకు అర్థం "సదర్-ఎ-జమ్హూరియా", అంటే దేశాధ్యక్షుడు! 1969లో బృందం మొదలైనప్పుడు దాని గిటారిస్టు యుక్కా తోలొనెన్‌కు ఇంకా 18 నిండలేదు. 1972 నాటి వాళ్ల "లాంబర్ట్‌లాండ్"లో సాక్సోఫోన్, ఫ్లూట్, గిటార్ ఒకదానితో ఒకటి గుఫ్తగూ చేస్తున్నట్టు ఉంటాయి. అదే 1972లో లాహ్తి పట్నం నుంచి హాయ్‌కరా (కొంగ) అనే బృందం రికార్డు వచ్చింది. ఇవాళ షౌకీన్ల జాబితాల్లో అది పైనే ఉంటుంది. 1975లో సకారి కుక్కో నడిపిన పీర్‌పౌకె, కరేలియా ఇలాఖాలోని పాత తర్జ్‌లను జాజ్‌తో, రాక్‌తో కలిపింది. "వరల్డ్ మ్యూజిక్" అనే లేబుల్ బజార్లోకి రాకముందే వాళ్లు ఆ పని చేశారు.

ఇన్ని పేర్లలో నన్ను ఎక్కువగా ఆపేది ఒక్కడు. పెక్కా స్ట్రెంగ్.

1948లో పుట్టాడు. ఆ రోజుల్లో పేరున్న బృందాలు ఎక్కువగా ఇంగ్లీషులో పాడేవి. బయటి దునియా వినాలంటే అదే జబాన్ అని నమ్మకం. స్ట్రెంగ్ తన మాదరీ జబాన్‌లో, ఫిన్నిష్‌లో పాడాడు. మొదటి ఆల్బమ్ 1970లో లవ్ రికార్డ్స్ వేసింది. పేరు "మాగ్నెత్తిమియెహెన్ కుఒలెమా", అయస్కాంత మనిషి మౌత్. తసవల్లన్ ప్రెసిదెంత్తి వాద్యకారులు అతని వెనక వాయించారు. రెండోది 1972లో, "కెసమా", అంటే వేసవి నేల. మొదటిదాని పేరులోనే మరణం, రెండోదాంట్లో ఎండ, జంతువులు, పిల్లలకు చెప్పే కహానీల్లాంటి అమాయకత్వం. అరవడు. పక్కన కూర్చున్నవాడితో చెప్పినట్టు పాడతాడు.

అతనికి క్యాన్సర్. 1975 ఏప్రిల్‌లో, 27 నిండకుండానే వెళ్లిపోయాడు. మూడో ఆల్బమ్ కోసం మొదలుపెట్టినవి అధూరాగా మిగిలి, చాలా ఏళ్ల తర్వాత వెలుగు చూశాయి. బతికుండగా అతను చూసింది రెండే రికార్డులు, ఆ రెండూ పెద్దగా అమ్ముడుపోలేదు. ఇవాళ ఫిన్లాండ్‌లో అతన్ని తమ మౌసిఖీలో ముఖ్యమైన ఫన్కార్లలో ఒకడిగా లెక్కిస్తారు, కొత్త తరం గాయకులు అతని పాటలు పాడతారు. ఇంట్లో ఒక జబాన్, బజార్లో ఒక జబాన్, దఫ్తర్లో మరో జబాన్ మాట్లాడే మనకు అతని ఫైసలా బరువు తెలుస్తుంది. తక్కువమంది వింటారని తెలిసి కూడా తన జబాన్‌లోనే చెప్పుకోవడం చిన్న మాట కాదు.

మరి లవ్ రికార్డ్స్ ఏమైంది? 1974లో హరిగేన్స్ అనే బృందం సూటి రాక్ అండ్ రోల్ రికార్డు "రోడ్‌రన్నర్" ధారాళంగా అమ్ముడైంది. అలాంటి ఒకటి రెండింటి కమాయీ మీద అమ్ముడుపోని పది రికార్డులు నిలబడేవి. ఈ హిసాబ్ ఎన్నాళ్లు సాగుతుంది? 1970ల చివరికి పంక్ వచ్చింది, పొడవైన పాటలకు ఫ్యాషన్ పోయింది, అప్పులు మోయలేనంతయ్యాయి. 1979లో కంపెనీ దివాలా తీసింది. అత్తె బ్లూమ్ ఊరుకోలేదు, అదే ఏడాది యోహన్నా అనే కొత్త కంపెనీ మొదలుపెట్టాడు. పాతవాటి హక్కులు చేతులు మారాయి. దుకాణాల్లో మిగిలినవి మిట్టీ మోల్ ధరకు పోయాయి.

తర్వాత తమాషా మొదలైంది. జపాన్, జర్మనీ, ఇంగ్లాండ్, అమెరికా షౌకీన్లు వీటిని వెతకసాగారు. అస్లీ మొదటి ముద్రణ అవునా కాదా అని తేల్చడానికి మధ్యలోని లేబుల్ రంగు చూస్తారు, లోపలి గాడి పక్కన నల్లటి ఖాళీ జాగాలో చెక్కిన నంబర్ చదువుతారు, అట్ట అంచుల్ని పరీక్షిస్తారు. గీత పడితే ఖీమత్ సగం. ముల్క్ చిన్నది, ముద్రించినవే తక్కువ, అందులో పార్టీల్లో అరిగిపోయినవి పోగా మిగిలినవి ఎన్ని? నాదిర్ అనే మాట ఇట్లా పుట్టింది.

ఇక్కడ ఒక ఇన్సాఫ్ సవాల్ ఉంది. పాత రికార్డు చేతులు మారినప్పుడు వచ్చే పైసలు అమ్మినవాడివి. పాడినవాడికి, వాయించినవాడికి, వాళ్ల వారసులకు అందులో ఒక్క పైసా ముట్టదు. యూరప్‌లో చిత్రకారుడి పెయింటింగ్ మళ్లీ అమ్ముడైతే అతనికి కొంత హిస్సా ఇవ్వాలనే ఖానూన్ ఉంది. రికార్డుకు లేదు. కాబట్టి ఖీమత్ పెరగడం వేరు, ఖద్ర్ పెరగడం వేరు. కొందరి అల్మారాల్లో ఆ రికార్డుల మీద ఒక్కసారి కూడా సూది ఆనలేదు, గీత పడుతుందని భయం. వినకుండా దాచిన పాట ఎవరి ఖజానా?

ఆ లెక్కన అసలు ఖిద్మత్ చేసింది మళ్లీ ముద్రించినవాళ్లు. సీడీలు వచ్చాక లవ్ రికార్డ్స్ పాతవి చాలా తిరిగొచ్చాయి. తుర్కు పట్నంలోని స్వార్ట్ రికార్డ్స్ వంటి చిన్న సంస్థలు పాత టేపులు వెతికి, హక్కుదార్లతో మాట్లాడి కొత్త ఎల్పీలు వేస్తున్నాయి. నాదిర్ రికార్డు ఖీమత్ దీంతో కొంత తగ్గొచ్చు, పాట మాత్రం బతికింది. 1996లో కాలిఫోర్నియాకు చెందిన డీజే షాడో తన పేరుమోసిన ఆల్బమ్‌లో పొహ్యోలా 1974 నాటి పియానో ముక్క ఒకటి వాడుకున్నాడు. పొహ్యోలా పేరు కూడా తెలియని లక్షల మంది ఆ కొన్ని స్వరాల్ని వినేశారు. విత్తనం ఎక్కడో పడి, ఇంకెక్కడో మొలకెత్తింది.

దోస్తులారా, మన ఇళ్లలోనూ అటక మీద పాత రికార్డులు, కేసెట్లు ఉంటాయి. మన చిన్న షహర్ల ఖవ్వాల్లు, షాదీల్లో ఢోలక్ మీద మన నానీమాలు పాడిన పాటలు. వాటిని వందల యూరోలు పెట్టి కొనే షౌకీన్ వస్తాడని ఎదురుచూడొద్దు. ఒకసారి దింపి, దుమ్ము తుడిచి వినండి. పిల్లలకు వినిపించండి, ఫోన్‌లోకైనా ఎక్కించి పెట్టండి. పాడినవాళ్ల పేరు, తారీఖు, ఊరు ఒక కాగజ్ మీద రాసి అందులో పెట్టండి. ఫిన్లాండ్‌వాళ్లకు ఆ పని చేయడానికి 30, 40 ఏళ్లు పట్టింది. అప్పటికి స్ట్రెంగ్ లేడు, తన పాటలు ఎవరైనా విన్నారో లేదో తెలియకుండానే వెళ్లిపోయాడు.