బండి జర్కుల చరిత్ర: డెల్కో నుంచి కంప్యూటర్ దాకా

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, "జీవితమంతా గ్రీజు చేతులతో గడిపినవాణ్ణి, నాకేం రాయడం వచ్చునండీ" అన్నాను. "ఆ గ్రీజు సంగతే రాయండి" అన్నారు. 1964లో మెకానిక్‌గా చేరి 2000లో ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేశాను. ఆ ముప్పైఆరేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న ఫిర్యాదు ఒక్కటే: "ఎక్సలరేటర్ తొక్కితే బండి అందుకోవడం లేదు, జర్కులిస్తోంది." ఈ ఒక్క ఫిర్యాదు వెనుక రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. ఒక మనిషి జీతం పింఛను కూడా ఉన్నాయి. రెండూ మనవి చేసుకొంటాను.

1978లో మా వర్క్‌షాపు కింద ఒక పాత పెట్రోలు పికప్ ఉండేది. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటీ ఎక్కి చింతపల్లికి సామాను చేరవేసేది. చదునులో బాగానే పోయేది. ఘాటీ మొదలై డ్రైవరు కాలు నొక్కగానే గుటక మింగినట్టు ఆగి, ఎగిరి, మళ్ళీ ఆగేది. "పికప్‌కు పికప్ లేదు బాబుగారూ" అని డ్రైవరు మూడుసార్లు ఫిర్యాదు పుస్తకంలో రాయించాడు. అదే సమయంలో లాగ్‌బుక్‌లో లీటరుకు వచ్చే కిలోమీటర్లు బాగా పడిపోయాయి. పైఅధికారులకు అనుమానం వచ్చింది. పెట్రోలు అమ్ముకొని కిరసనాయిలు కలుపుతున్నాడని డ్రైవరుకు మెమో ఇచ్చారు. బండిని పరీక్షించి నివేదిక ఇవ్వవలసిన బాధ్యత అసిస్టెంట్ ఫోర్‌మన్‌గా నా మీద పడింది.

నేను ఇంజన్ స్టార్టు చేసి నిలబెట్టి విన్నాను. ఆవరణలో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాను. "ఇంజన్‌లో లోపమేమీ కనబడలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ తరువాత కథ చివర చెబుతాను. ముందు, నేను చూడవలసినవి ఏమిటో, అవి ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకొందాం.

గాలి, పెట్రోలు: కార్బ్యురేటర్ పుట్టుక

కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో నేటి పద్ధతి కార్బ్యురేటర్ లేదు. పెట్రోలు మీదుగా గాలిని పోనిచ్చి, ఆవిరిని ఇంజన్ పీల్చుకొనే ఏర్పాటు ఉండేది. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాఖ్, హంగేరీలో దోనాత్ బాంకీ, యానోష్ చోంకా వేర్వేరుగా పెట్రోలును సన్నని రంధ్రం గుండా చిమ్మే కార్బ్యురేటర్‌కు రూపం ఇచ్చారు. దాని వెనుక ఉన్న సూత్రం ఇంకా పాతది. ప్రవాహం వేగం పెరిగితే పీడనం తగ్గుతుందని బెర్నూలీ 1738లోనే గ్రంథస్తం చేశాడు. ఇరుకైన గొట్టంలో ఇది ఎలా జరుగుతుందో ఇటలీవాడైన వెంచురీ 1797లో వివరించాడు. మనం కార్బ్యురేటర్ గొంతు అనే ఇరుకు భాగానికి నేటికీ ఆయన పేరే.

పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఒక్కసారిగా ఎక్సలరేటర్ తొక్కితే గాలి తేలిక గనుక ముందు పరుగెత్తుతుంది, పెట్రోలు బరువు గనుక వెనకబడుతుంది. ఆ క్షణంలో మిశ్రమం పలచబడి ఇంజన్ తడబడుతుంది. దీనికి విరుగుడుగానే కార్బ్యురేటర్‌లో ఎక్సలరేటర్ పంపు అనే చిన్న పిచికారీ పెట్టారు. కాలు తొక్కగానే అది ఒక ధార అదనంగా చిమ్ముతుంది. దాని తోలు వాషరో, డయాఫ్రమో ఎండిపోతే బండి గుటకలు మింగడం ఖాయం. పరీక్ష సులభమే. ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, గొంతులోకి చూస్తూ చేత్తో లింకు కదపాలి. ధార పడితే పంపు బాగున్నట్టు, పడకపోతే జబ్బు దొరికినట్టు. దగ్గర బీడీ వెలిగించినవాణ్ణి ముందు బయటికి పంపాలన్నది మా షెడ్డు శాసనం.

తొక్కగానే ఒక్కసారి తడబడి సర్దుకొంటే పంపు దోషం. కొంత దూరం లాగి ఆ తరువాత నీరసపడితే పెట్రోలు చాలడం లేదని అర్థం: ఫిల్టరులో చెత్త, ట్యాంకులో తుప్పు, లేదా ఏసీ పంపు. ఈ "ఏసీ"కి చల్లదనంతో సంబంధం లేదు. ఆల్బర్ట్ చాంపియన్ అనే ఫ్రెంచి సైకిలు పందెగాడు అమెరికా వెళ్ళి స్పార్కు ప్లగ్గుల వ్యాపారం పెట్టాడు. ఆయన పేరులోని మొదటి అక్షరాలే ఏసీ. ఆ గుర్తుతో వచ్చిన పెట్రోలు పంపు ఏ కంపెనీదైనా మనకు ఏసీ పంపే అయింది. మే నెల ఎండలో పంపులోనే పెట్రోలు ఆవిరై బండి మొరాయిస్తే దాని మీద తడిగుడ్డ వేసి ఊరకుండటం డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యం.

నిప్పు: డెల్కో

మన మెకానిక్‌లు డిస్ట్రిబ్యూటర్‌ను "డెల్కో" అంటారు. చాలామంది అది ఆ భాగం పేరే అనుకొంటారు. నిజానికి అమెరికాలో డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ సహచరునితో కలిసి 1909లో స్థాపించిన ప్రయోగశాల కంపెనీ ఇంగ్లీషు పేరులోని అక్షరాల కూర్పు అది. బ్యాటరీ, కాయిల్, పాయింట్లు, కండెన్సర్‌లతో నిప్పురవ్వ పుట్టించే పద్ధతిని ఆయన స్థిరపరిచాడు. 1912 కాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టరు అమర్చినవాడూ ఆయనే. అంతవరకు హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకొన్నవారు ఎందరో.

పాయింట్లు విడిపోయిన క్షణంలో 12 వోల్టుల విద్యుత్తు కాయిల్‌లో వేల వోల్టులుగా మారి ప్లగ్గు కొనన దూకుతుంది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఎక్సలరేటర్ తొక్కితే సిలిండరులోకి మిశ్రమం ఎక్కువగా చేరి పీడనం పెరుగుతుంది. ఆ పీడనంలో రవ్వ దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టులు కావాలి. అందుకే బలహీనమైన కాయిల్, చిట్లిన డెల్కో మూత, అరిగిన ప్లగ్గు నిలకడగా నడిచే ఇంజన్‌లో బయటపడవు. బరువు మీద, ఎత్తు మీద బయటపడతాయి. నిలబెట్టి విన్న చెవికి అవి వినబడవు. నా నివేదికలోని మొదటి తప్పు ఇదే.

పాత మేస్త్రీలు రాత్రిపూట దీపాలార్పి బానెట్ ఎత్తి చూసేవారు. ప్లగ్గు తీగలనుంచి నిప్పు కారుతుంటే నీలంగా మెరిసేది. పాయింట్ల సందు ఎక్కువ బండ్లలో 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల లోపు. ఫీలర్ గేజ్ లేనిచోట హాక్సా బ్లేడుతో అంచనా కట్టేవారు. పాయింట్లు నల్లగా కాలిపోతుంటే కండెన్సర్‌ను అనుమానించేవారు.

కెటరింగ్ కథకు మరో ముఖం ఉంది. ఆయన పర్యవేక్షణలో పనిచేసిన థామస్ మిడ్జ్‌లీ, ఇంజన్‌లో కొట్టుడు పోవడానికి పెట్రోలులో సీసం కలపవచ్చునని 1921లో కనుగొన్నాడు. ఆ సీసం మనదేశంలో 2000 ఫిబ్రవరి వరకు కొనసాగింది. బండికి చేసిన వైద్యం మనుషులకు విషమైంది.

పదకొండు రోజులు

డ్రైవరుకు ఇంక్రిమెంటు నిలిపివేశారు, అదీ శాశ్వత ప్రభావంతో. దాని అర్థం మన సభ్యులకు వివరించనక్కరలేదు. ఆ నెల తగ్గిన బేసిక్ చివరికి పింఛను దాకా వెంటాడుతుంది. పెట్రోలు చుక్క ఫిల్టరు కాగితం మీద వేస్తే మచ్చ మిగలకుండా ఆరిపోవాలి, కల్తీ ఉంటే మచ్చ నిలుస్తుంది. ఆ పరీక్షకు ఒక్క నిమిషం చాలు. ఎవరూ చేయలేదు. నేనూ చేయలేదు.

మూడు నెలల తరువాత అదే బండి మీదకు వచ్చిన కొత్త డ్రైవరు కూడా అదే ఫిర్యాదు రాయించాడు. అప్పటికి మా పెద్ద మేస్త్రీ మరో డిపోనుంచి తిరిగి వచ్చాడు. ఆయన బండి నడపలేదు. ఇంజన్ స్టార్టు చేసి, కార్బ్యురేటర్ నుంచి డెల్కోకు వెళ్ళే సన్నని వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసి, నోట్లో పెట్టుకొని పీల్చాడు. ఇంజన్ టపటపలాడి ఆగబోయింది. వదిలాడు, సర్దుకొంది. మళ్ళీ పీల్చాడు, మళ్ళీ అదే.

భారాన్ని బట్టి నిప్పు సమయాన్ని ముందుకు వెనక్కు జరపడానికి డెల్కోలో పాయింట్లున్న ప్లేటు కొంచెం తిరుగుతుంది. దాన్ని లాగేది ఆ గొట్టంలోని శూన్యం. ప్లేటును డెల్కో శరీరానికి కలిపే అంగుళం పొడవు ఎర్తు తీగ ప్రతి కదలికకూ వంగుతుంది. ఏళ్లతరబడి వంగి లోపల పోగులు తెగిపోయాయి. పైన గుడ్డతొడుగు చెక్కుచెదరలేదు. ప్లేటు కదలనంతసేపు తెగిన కొనలు తాకుతుండేవి, కదిలితే విడిపోయేవి. నిప్పు తప్పినప్పుడల్లా మండని పెట్రోలు పొగగొట్టంలోంచి పోయేది. కిలోమీటర్లు పడిపోయింది అందుకే. ఆ డ్రైవరు చెప్పిన ప్రతి మాటా నిజమే.

"బాబుగారూ, చూడ్డానికి తీగ బాగానే ఉంది. లాగి చూస్తేగాని తెలీదు" అన్నాడు మేస్త్రీ. తీగ మార్చడానికి పావుగంట పట్టింది. నా నివేదిక తప్పని పైకి రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. పదోన్నతి జాబితా తయారవుతున్న రోజులవి. రాశాను. నాకు మందలింపు వచ్చింది, పదోన్నతి వెనకబడింది. డ్రైవరు అప్పీలు ఏడాదిన్నర నలిగి శిక్ష రద్దయింది. ఆ సంగతి చెప్పడానికి వాళ్లింటికి వెళితే, "మీరు రాశారు చాలు బాబుగారూ" అన్నాడు. నా మొదటి సంతకం గురించి ఆయన ఒక్క మాట అనలేదు.

కంప్యూటర్ కాలం

1970 దశకంలో అమెరికా బండ్లలో పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. జర్మనీలో బోష్ కంపెనీ 1967లోనే ఎలక్ట్రానిక్ పెట్రోలు ఇంజెక్షన్‌ను మార్కెట్టులోకి తెచ్చింది. మన దేశంలో కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ, 2000 దాటాక, కార్బ్యురేటర్ కార్లనుంచి కనుమరుగైంది. తన జబ్బు తానే చెప్పే ఏర్పాటును కాలిఫోర్నియా 1988 మోడళ్లకు విధించింది. 1996 నుంచి అమెరికాలో అన్ని కార్లకూ ఒకే రకం సాకెట్టు, ఒకే రకం కోడ్లు వచ్చాయి. 2010 తరువాత దశలవారీగా మనకూ వచ్చాయి.

మా మనుమడు ఈమధ్య తన పాత పికప్ జర్కులిస్తోందని స్కానరు తగిలించాడు. పీ 0300 అని పడింది, అంటే నిప్పో మంటో తప్పుతోందని. "తాతా, ప్లగ్గులు మార్చెయ్యమంటోంది" అన్నాడు. "అది ప్లగ్గులనలేదు నాన్నా, తప్పుతోందని మాత్రమే అంది. ఎందుకు తప్పుతోందో నువ్వు చూడాలి" అన్నాను. చివరికి ఒక కాయిల్ కనెక్టరు వదులైంది. కదిపి చూస్తే దొరికింది.

ఆ డ్రైవరు కాలం చేసి చాలా ఏళ్లయింది. ఆయన భార్య ఇప్పటికీ ఫ్యామిలీ పెన్షన్ తీసుకొంటున్నారు. ఆ లెక్కలో ఆ ఇంక్రిమెంటు ఉంది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఒక్కోసారి ఆమె కనిపిస్తారు. నమస్కారం పెట్టి, కూర్చోవడానికి కుర్చీ తెచ్చి వేస్తాను.